మీటింగు లేచాక చెప్పిన మాట

జూన్ 3, మంగళవారం

ఒళ్ళు మండిపోతోంది. ఇది రాశాకే అన్నం తింటాను. ఫ్లోరెన్స్ రెండుసార్లు పిలిచింది. మూడోసారి పిలవదు. కంచం మీద మూత పెట్టి, చర్చిలో పాడే పాట ఒకటి గట్టిగా అందుకుంటుంది. మా ఆవిడ నన్ను తిట్టే పద్ధతి అది.

ఇవాళ దవాఖానాలో నెలవారీ స్టాఫ్ మీటింగు. రిటైరై చాలా కాలమైనా మినిట్స్ రాయడానికి మాత్రం నన్నే పిలుస్తారు. చర్ల రోడ్డు మీద అంత చిన్న దవాఖానాలో పెద్ద చదువులవాళ్ళకు కొదవలేదు గానీ, పదిమంది మాట్లాడుతుంటే విని ఎవరి మాట వాళ్ళ పేరు మీద రాసేవాడు ఇంతవరకూ దొరకలేదు. నేను చదివింది ఏడో తరగతి. మిగతా చదువంతా కిరాణా కొట్టువాడు పొట్లాలు కట్టిన కాగితాల మీద సాగింది. అందుకే నాకు చాలా కథల మొదలు తెలియదు, చివర తెలియదు. మధ్యలో మాత్రం పంచదార అంటుకుని ఉండేది.

జస్టిన్ అని కొత్త మేనేజరు, ఫిబ్రవరిలో హైదరాబాదు నుంచి వచ్చాడు. ఇస్త్రీ చెదరని చొక్కా, మాట కూడా అలాగే. ఇవాళ నా ముందు ఒక అచ్చు కాగితం పెట్టాడు. దాని మీద మూడు గడులు. విషయం, నిర్ణయం, బాధ్యులు.

“అంకుల్, ఎవరేం మాట్లాడారో వద్దు. డెసిషన్ ఒక్కటి రాయండి. పేజీ దాటకూడదు. ఎఫెక్టివ్ మినిట్స్ అంటే అవీ.”

పెళ్ళి ఎలా జరిగిందయ్యా అని అడిగితే ఎత్తేసిన విస్తళ్ళు చూపించినట్టుంది.

ఆ గడుల్లో పట్టనిది ఇక్కడ రాస్తాను. ఈ డైరీకి మేనేజరు లేడు. ఇవాళ్టి మీటింగు, జరిగింది జరిగినట్టు:

జస్టిన్ గారు అన్నది: వాగవతల అడవి పల్లె బండలగుంపులో మన నర్సు గది వానాకాలం దండగ. రోగులు తక్కువ. దారి ఉండదు. ఇరవయ్యో తారీఖున తాళం వేసి దసరా తర్వాత తెరుద్దాం. అక్కడి నర్సు ప్రమీల అప్పటిదాకా ఇక్కడ డ్యూటీ చేస్తుంది.

జస్టిన్ గారు అడిగింది: అందరికీ ఓకేనా?

అందరూ అన్నది: ఏమీ లేదు. వార్డుబాయి భద్రు ఫ్యాను వంక చూశాడు. డ్రైవరు వీరబాబు కాలితో నేల మీద గీతలు గీశాడు. ప్రమీల తన అరచేతులు చూసుకుంది.

జస్టిన్ గారు అన్నది: గుడ్. ఏకగ్రీవం. మీటింగ్ క్లోజ్డ్.

లేచాక, చాయ్ దగ్గర, ప్రమీల నా పక్కకు వచ్చి అన్నది: “తాతా, ఆడ ముగ్గురు నిండు మనుషులున్నరు. బొజ్జయ్య బిడ్డ కన్నమ్మకు ఆషాఢంల నెల నిండుతది, తొలి కాన్పు. ఇత్తనాలు పెట్టే యాళ్ళ, ఇండ్లిడిసి ఈడికి రమ్మంటే రారు. వాగొచ్చినంక మంచం మీద మోద్దమన్నా మెడల దాక నీళ్ళు. గది మూయొద్దు. నేను ఆడ్నే ఉండాలె.”

నేను పుస్తకం తెరిచి ‘లేచాక’ అని రాసి, కింద ఈ మాట మొదలుపెట్టాను. జస్టిన్ వచ్చి పేజీ మీద అరచెయ్యి పెట్టాడు.

“అంకుల్, మీటింగ్ క్లోజ్ అయింది.”

“మాట క్లోజ్ కాలేదు సార్.”

“చాయ్ దగ్గర మాటలు మినిట్స్ కావు. ఉంటే లోపలే చెప్పాలి కదా? అడిగాను కదా, అందరికీ ఓకేనా అని?”

దీనికి నేను చెప్పవలసిన జవాబు ఇంటికొచ్చి చెప్పులు విప్పుతుంటే తోచింది. అయ్యా, ఆ గుంపు మనుషులు పెద్దలు కూర్చుని ఉండగా అడ్డం మాట్లాడరు. అది భయం కాదు, మర్యాద. అందరూ లేచి బట్టలు దులుపుకున్నాక, నమ్మకమైన ఒక మనిషి పక్కన నిలబడి అసలు మాట చెబుతారు. నేను మీసాలు రాని వయసులో బీడీల తునికాకు కొనే కల్లంలో మున్షీ దగ్గర పనిచేశాను. ఒక ఏడాది ఆయన కల్లాన్ని ఊరికి దూరంగా మారుస్తానన్నాడు. అందరూ తలలు వంచుకుని కూర్చున్నారు. సరేనన్నారని రాసుకున్నాడు. తెల్లారి ఒక్క మనిషి కూడా ఆకు తేలేదు. మున్షీకి కోపం వచ్చి అటుగా పోతున్న ఒక మేకను పట్టి కట్టేశాడు. ఆ మేకది వేరే కథ, ఇప్పుడొద్దు.

అందుకని నా మినిట్స్‌లో ప్రతి మీటింగుకూ చివర ‘లేచాక’ అని ఒక భాగం ఉంటుంది. వెనకటి మేనేజర్లందరూ దాన్ని చూసి నవ్వినవాళ్ళే. పుస్తకం తెరిస్తే ముందు చదివేదీ దాన్నే.

ఇంత జవాబు ఉంచుకుని నేను అక్కడ అన్నదేమిటంటే, “సరే సార్.”

జూన్ 4, బుధవారం

ఆ ఆఫీసు గడప ఇక తొక్కను.

జూన్ 5, గురువారం

గొడుగు మరిచిపోయి వచ్చాను కాబట్టి ఆఫీసుకు పోవలసి వచ్చింది.

“గొడుగు తలుపెనక ఉంది గదయ్యా,” అంది ఫ్లోరెన్స్.

అది పాత గొడుగు.

జస్టిన్ నన్ను చూసి లేచి నిలబడ్డాడు. మర్యాదకేమీ తక్కువ లేదు, అదే నా బాధ. మర్యాద లేనివాడితో పోట్లాడటం తేలిక. టైపు చేసిన కాగితం చేతికిచ్చాడు. ‘బండలగుంపు గది జూన్ 20 నుంచి మూసివేత. సభ్యులందరూ ఏకగ్రీవంగా అంగీకరించారు.’ బాధ్యులు అన్న గడిలో ‘ప్రమీల’ అని ఉంది. ఎవరి గది మూస్తున్నారో ఆమే తాళం వేసుకోవాలట.

“ఎవరంగీకరించారు సార్?”

“ఎవరూ కాదనలేదు కదా అంకుల్.”

“నిన్న మా ఇంటి గోడ కూడా కాదనలేదు. దాని పేరూ రాసుకోండి.”

నవ్వాడు. పెన్ను ఇచ్చాడు. నేను పెన్ను బల్ల మీద పెట్టి, ఈ చెయ్యి జరగనిదాని కింద సంతకం పెట్టదని చెప్పి బయటికి వచ్చాను. అవే మాటలు. చాలా బాగా కుదిరాయి. ఫార్మసీ కిటికీలోంచి ఇద్దరు విన్నారు కూడా. ఇంటికొచ్చి కడుపునిండా తిని పడుకున్నాను. నేను సంతకం పెట్టకుండా ఆ కాగితం ఎక్కడికి కదులుతుందో చూస్తాను.

జూన్ 7, శనివారం

కదిలింది.

వీరబాబు నోటీసు బోర్డు ఫోటో తీసి తెచ్చి చూపించాడు. ఆ కాగితమే. చివర చిన్న అక్షరాలతో ఒక లైను: ‘ఇది కంప్యూటర్ ప్రతి. సంతకం అవసరం లేదు.’

అవసరం లేదు! ఎవరూ అడగని పిల్లను ఇచ్చేది లేదని భీష్మించుకున్న తండ్రిలా తయారైంది నా సంగతి. మొన్న పెన్ను ఇచ్చింది నా మీద గౌరవంతోనట. వీరబాబు చెప్పాడు. “ముసలాయన బాధపడతడని అడిగిన అని అన్నడు తాతా.” నన్ను బుజ్జగించాడన్నమాట. చిన్నపిల్లకు చెయ్యి పట్టి అక్షరాలు దిద్దించినట్టు.

ఫ్లోరెన్స్ ఇవాళ పాట పాడలేదు. పాడితే బాగుండేది.

ఒకటి మాత్రం ఉంది. ఒక మీటింగు మినిట్స్‌ని తర్వాతి మీటింగులో అందరి ముందూ చదివి, సరేనంటేనే అవి మినిట్స్. అప్పటిదాకా ఉత్త కాగితం. ఈ రూలు నేను ఒక పాత చేతిపుస్తకంలో చదివాను, బెల్లం చుట్టి ఇచ్చిన పేజీలో. తర్వాతి మీటింగు జులై ఒకటిన. తాళం ఇరవైన. అయినా సరే, రూలు రూలే.

జూన్ 9, సోమవారం

రూలు లేదు, ఏమీ లేదు.

ఆ కాగితాన్ని జస్టిన్ వాట్సాప్ గ్రూపులో పెట్టి ‘ప్లీజ్ కన్ఫర్మ్’ అన్నాడు. కింద వరసగా బొటనవేళ్ళు. పసుపుపచ్చటి బొటనవేళ్ళు. భద్రు వేలు, వీరబాబు వేలు, వంటమనిషి వేలు. ప్రమీల వేలు!

ఒకప్పుడు వేలికి సిరా పూసి, చెయ్యి పట్టుకుని నొక్కించేవారు. నొక్కినవాడి వేలు నల్లబడేది. ఇంటికి పోయి ఇసుక పెట్టి రుద్దుకునేటప్పుడైనా, దేనికి నొక్కానబ్బా అని ఆలోచించేవాడు. ఇప్పుడు మసి కూడా అంటదు. పండుగ శుభాకాంక్షలకూ అదే వేలు, చావు కబురుకూ అదే వేలు, తమ గది తాము మూసుకోవడానికీ అదే వేలు. వీళ్ళ కోసమా నేను ఆఫీసులో ఆ మాటలన్నది? ముఖ్యంగా ప్రమీల. నాతో చాయ్ దగ్గర అంత మాట చెప్పి, వారం తిరక్కుండా వేలు చూపిస్తుందా? బుద్ధి ఉండక్కర్లేదా?

ఇదంతా ఫ్లోరెన్స్‌కు గట్టిగా చదివి వినిపించాను. ఆమె కళ్ళజోడు పెట్టుకుని ఫోను తన వైపు తిప్పుకుంది.

“ఈ చివరిది ఎవరి వేలయ్యా?”

నా వేళ్ళు లావు. ఈ ఫోను తెర చిన్నది. గ్రూపులో ఏది వచ్చినా కిందికి జరపబోతే ఏదో ఒకటి నొక్కుకుపోతుంది. మొన్న కూడా ఎవరిదో చావు కబురుకు

ఇవాళ్టికి చాలు.

జూన్ 11, బుధవారం

ప్రమీలను నాలుగు దులిపి వద్దామని బండలగుంపు పోయాను. మందుల పెట్టెలు దించడానికి జీపు ఎలాగూ పోతోంది. దారిలో పోలీసు క్యాంపు దగ్గర ఆపారు. ప్రతి పెట్టె విప్పి చూపించి, మళ్ళీ కట్టుకుని బయల్దేరేసరికి ఎండ నడినెత్తికి వచ్చింది. వాగులో ఇప్పుడు చీలమండ లోతు నీళ్ళు. పిల్లలు చేపలు పడుతున్నారు. దీన్ని చూసి భయపడుతున్నామా అనిపిస్తుంది, కొత్తవాడికైతే.

“నువ్వెందుకు నొక్కినవ్‌రా వేలు?” అని వీరబాబును అడిగాను.

“సార్ మెసేజ్ పెట్టిండు గద. చూసినమని పెట్టకపోతే మళ్ళ ఫోన్ చేస్తడు. ఫోన్ చేస్తే ఇంగ్లీషుల మాట్లాడతడు.”

గది అరుగు మీద కన్నమ్మ కూర్చుని ఉప్పుకారం అద్దుకుని మామిడికాయ ముక్క తింటోంది. సన్నటి పిల్ల. పొట్ట మాత్రం ఆ పిల్లది కాదన్నట్టుంది. తండ్రి బొజ్జయ్య కొంచెం ఎడంగా నిలబడి ఉన్నాడు. నన్ను చూసి తల ఊపాడు. బొజ్జయ్య మాట్లాడగా నేను విన్నది చాలా తక్కువ.

ప్రమీల లోపల చీటీలు రాస్తోంది. ఆ గుంపులో నర్సు చదువు చదివిన మొదటి పిల్ల. ఆ ఉద్యోగం వచ్చిన రోజు ఊరంతా నడిచి వచ్చి దవాఖానా గేటు దగ్గర నిలబడి చూసి పోయారు.

“వేలెందుకు పెట్టినవమ్మా?” అన్నాను, కూర్చోకుండానే.

“చూసినమని పెట్టిన తాతా. ఒప్పుకున్నమని కాదు.”

“మరి మీటింగుల నోరెందుకు తెరవలే? జస్టిన్ సారు అడిగిండు గద?”

“నీకు చెప్పిన గద.”

“నాకు చెప్తే ఏమైతది?”

నేనేదో తెలివితక్కువ మాట అన్నట్టు చూసింది. “నీకు చెప్పినంక ఇగ నేను చెప్పినట్టే గద. మా దిక్కు గట్లనే. ఎవలకు చెప్పినమో ఆయనే పోయి పెద్దోళ్ళల్ల చెప్తడు.”

“నేను రాసిన ప్రమీలా.”

“రాసినవ్. చెప్పినవా?”

బయట కన్నమ్మ మామిడి టెంక విసిరేసింది. అది గుంటలో పడ్డ చప్పుడు వినిపించింది.

తర్వాత తనే అంది, తాళం పడినా తను కదలదట. పక్కింట్లో ఉంటుందట. “ఇరవై తర్వాత దవాఖానాల డ్యూటీకి రాకపోతే కొలువు పోతది” అన్నాను. “ఎరుకే తాతా” అంది. గొంతులో కోపం లేదు. నాకు అంత కోపం వచ్చింది. ఆమె కోపం కూడా నేనే పడాలా?

చాయ్ ఇస్తే తాగకుండా వచ్చేశాను.

జూన్ 12, గురువారం

“రాసినవ్. చెప్పినవా?” అట. ఎంత పొగరు!

మినిట్స్ రాసేవాడు మీటింగులో మాట్లాడడు. మాట్లాడితే వాడూ ఒక పక్షం అయిపోతాడు. ఇక వాడు రాసింది ఎవరు నమ్ముతారు? ఇన్నేళ్ళ సర్వీసులో నేను మీటింగులో నోరు తెరిచింది ఫ్యాను తగ్గించమనడానికే, కాగితాలు ఎగిరిపోతున్నాయని. అది నా పద్ధతి. ఆమెకు తెలియకపోతే నేనేం చేయను?

జూన్ 14, శనివారం

భద్రాచలం పోయి షాలేమ్‌రాజు అయ్యగారిని కలిశాను. చర్చి నడిపే మా దవాఖానా కమిటీకి ఆయనే చైర్మన్. పాస్టరుగా రిటైరయ్యాక మోకాళ్ళకు నూనె రాయించుకుంటూ గోదారి గాలి పీలుస్తున్నాడు.

“వందనాలు అయ్యగారూ. బండలగుంపు గది సంగతి.”

“మినిట్స్ కన్ఫర్మ్ అయినయని జస్టిన్ చెప్పిండు గద? నువ్వు గుడ వేలు పెట్టినవంట.”

ఆ వేలు నరుక్కుందామా అనిపించింది.

“ఫోన్ల కన్ఫర్మ్ కావు అయ్యగారూ. నలుగురూ కూర్చుని, చదివి, అప్పుడు సరేననాలె.”

“ఎవలు పెట్టిన్రయ్యా ఆ రూలు?”

“మీరే. ఆ రోజు చికెన్ కూర గురించి పెద్ద కొట్లాట అయితే మీరే పెట్టిన్రు.”

ఆయన చాలాసేపు నవ్వాడు. ఆ చికెన్ కూర కథ రాయాలంటే రెండు పేజీలవుతుంది. క్లుప్తంగా, కోడి ఒకటే, సాక్షులు ఎనిమిది మంది. సరే. బుధవారం వస్తానని, అందరినీ కూర్చోబెట్టి ఆ మినిట్స్ చదివిద్దామని అన్నాడు. నేను లేస్తుంటే నన్ను పేరు పెట్టి పిలిచి అడిగాడు:

“ఆరోగ్యం, నిజం చెప్పు. నీ కోపం మినిట్స్ కోసమా, ఆ పిల్ల కోసమా?”

మినిట్స్ కోసమే అన్నాను. నిజమే కదా.

జూన్ 18, బుధవారం

వరసగా రాస్తాను. కోపంలో ముందుది వెనక్కి పోకూడదు.

అయ్యగారు పెద్ద కుర్చీలో, పక్కన ల్యాప్‌టాప్ పెట్టుకుని జస్టిన్, అటూ ఇటూ స్టాఫ్. గోడవైపు కుర్చీలో ప్రమీల. అయ్యగారు ప్రార్థన చేసి, “చదువు ఆరోగ్యం” అన్నాడు. చదివాను. ‘ఏకగ్రీవంగా అంగీకరించారు’ అన్నచోట కావాలనే ఆగి రెండుసార్లు దగ్గాను.

“ఎవలన్నా ఏమన్నా అంటరా?” అన్నాడు అయ్యగారు.

ఎవరూ ఏమీ అనలేదు. ఫ్యాను తిరుగుతోంది. నాకు వీళ్ళను కుర్చీలతో సహా ఎత్తి కుదిపేయాలనిపించింది. ఇంత తిరిగి, ఇంత బతిమాలి ఈ పెద్దాయన్ను తీసుకొస్తే! ప్రమీల వంక చూశాను. ఆమె అరచేతులు చూసుకోవడం లేదు. నన్నే చూస్తోంది. ఎదురు చూస్తున్న చూపు. బస్సు వస్తుందని తెలిసినవాళ్ళు రోడ్డు వంక చూసినట్టు.

“సరే మరి, కన్ఫర్మ్...” అన్నాడు అయ్యగారు.

పెన్నుకు మూత పెట్టాను.

“అయ్యగారూ, ఒక మాట.”

“అంకుల్, మీరు మెంబర్ కాదు,” అన్నాడు జస్టిన్, మెల్లగానే.

“ఈ మాటా నాది కాదు సార్.”

ప్రమీల ఏం చెప్పిందో అదే చెప్పాను. ముగ్గురు నిండు మనుషులు, కన్నమ్మ తొలి కాన్పు, విత్తనాల కాలం, మెడల దాక నీళ్ళు. ఒక్క మాట కలపలేదు. కలపకుండా ఉండటం నాకు ఎంత కష్టమో ఫ్లోరెన్స్‌ను అడగాలి.

“ప్రమీలా, నిజమేనా?” అన్నాడు అయ్యగారు.

“అవ్ అయ్యగారూ.”

అప్పుడు వీరబాబు, “అవ్. పోయినేడు నేను వాగు కాడికెళ్ళి జీపు మళ్ళేసుకొచ్చిన” అన్నాడు. భద్రు “అవ్” అన్నాడు. వంటమనిషి కూడా “అవ్” అంది. ఒకరి తర్వాత ఒకరు. ఈ ‘అవ్’లన్నీ మూడో తారీఖున ఎక్కడ దాచిపెట్టారు?

జస్టిన్ ల్యాప్‌టాప్ మూత దభీమని మూశాడు. అతని ఇస్త్రీ మాట చెదరడం నేను మొదటిసారి చూశాను.

“అందరూ ఆమెను ఉంచమంటున్నారు. ఏదైనా అయితే? డాక్టరు లేడు, ఫోను లేదు, జీపు రాదు. ఆ అమ్మాయి ఒక్కతి. కాన్పులో ప్రాణం పోతే కేసు ఎవరి మీద పడుతుంది? నేను ఇంతకుముందు పనిచేసిన చోట సరిగ్గా ఇలాగే ఒక సిస్టర్‌ను పంపాం. బిడ్డ దక్కలేదు. ఊరివాళ్ళు ఆమెను స్టేషన్‌కు లాక్కెళ్ళారు. ఆమె మళ్ళీ డ్యూటీకి రాలేదు. తలుపు కొడితే తీయదు.”

ఇది న్యాయమైన మాట. అందుకే నాకు ఇంకా మండింది.

“రోగులు తక్కువ అని చెప్తిరి గదా సార్ ఆ రోజు? ఈ మాట ఎందుకు చెప్పలే?”

“ఇలాంటివి మినిట్స్‌లోకి రాకూడదు అంకుల్!”

అడవివాళ్ళు లేచాకైనా చెబుతారు. ఈయన లేచాక కూడా చెప్పడన్నమాట.

అయ్యగారు కళ్ళు మూసుకుని, తెరిచి, “రెండూ రాయ్ ఆరోగ్యం. ఆ పిల్ల చెప్పింది రాయ్, ఈయన చెప్పింది రాయ్” అన్నాడు. రాశాను. నాకు ఇష్టం లేకపోయినా జస్టిన్ మాట పొల్లుపోకుండా రాశాను, తలుపు సంగతితో సహా. నిర్ణయం అయ్యగారే చెప్పాడు: గది మూయరు, ప్రమీల అక్కడే ఉంటుంది.

“బాధ్యులు?” అన్నాడు అయ్యగారు, కాగితం చూసి. “ప్రమీల పేరే రాసెయ్ మరి.”

అప్పుడు నేను అరిచాను. అయ్యగారి ముందు అరవడం ఇదే మొదలు. “ఆమె చేతి పనికి ఆమె బాధ్యురాలు అయ్యగారూ. వాగుకు గుడనా? ఫోను టవరుకు గుడనా? ఆమె నీళ్ళకవతల ఉంటది, మనమందరం ఇవతల ఫ్యాను కింద ఉంటం, పేరు మాత్రం ఆమెదా?”

“మరి ఎవల పేరు రాద్దాం?”

మళ్ళీ ఫ్యాను. అయ్యగారు కూడా గడియారం చూసుకున్నాడు. దేవుడి మనిషి, ఆయనా చూసుకున్నాడు!

“నా పేరు రాసుకోండి,” అన్నాను.

“మీరు స్టాఫ్ కూడా కాదు అంకుల్,” అన్నాడు జస్టిన్. పుస్తకం నా ముందునుంచి తన వైపు లాక్కున్నాడు. పెన్ను మూత తీసి రాశాడు. ‘జస్టిన్, మేనేజర్.’ చేతిరాత కోడి గీరినట్టుంది. కింద సంతకం కూడా చేశాడు.

“చాలా?” అన్నాడు నాతో. కళ్ళు ఎర్రగా ఉన్నాయి. “ఇక సంతోషమేనా?”

నేను పుస్తకం వెనక్కి లాక్కుని మూశాను. సంతోషంగా లేను.

జూన్ 19, గురువారం

కోపం తగ్గలేదు. ఎవరి మీదో సరిగ్గా తెలియడం లేదు, అదొక్కటే చిక్కు.

జులై 6, ఆదివారం

వాగు గురువారం వచ్చింది. బండలగుంపు ఫోన్లు ఆ రోజే మూగబోయాయి. ఆఖరున దాటి వచ్చిన మనిషి, కన్నమ్మకు నొప్పులు మొదలైనట్టున్నాయని వీరబాబుతో అన్నాడట. గురువారం మొదలైన నొప్పులు. ఇవాళ ఆదివారం.

చర్చిలో సగం ప్రసంగం దాకా కూర్చున్నాను. మోకాళ్ళు నొప్పులుగా ఉన్నాయి, బయట గాలికి నిలబడతానని ఫ్లోరెన్స్ చెవిలో చెప్పాను.

“వాగు గాలికి తగ్గుతయా మోకాళ్ళు?” అంది, బైబిలు మీంచి కళ్ళెత్తకుండా.

వీరబాబు జీపులో తీసుకుపోయాడు. గట్టు మీద జస్టిన్ అప్పటికే ఉన్నాడు. ఆదివారం బట్టలు, మెరిసే బూట్లు, బూట్ల మీదికి బురద. ఎప్పుడొచ్చాడో తెలియదు. నన్ను చూసి పలకరించలేదు. నేనూ పలకరించలేదు. ఆ గదికి తాళం పడనందుకు అతనికి నా మీద కోపం. గురువారం నుంచి నాకు నిద్ర లేకుండా చేసినందుకు నాకు అతని మీద కోపం. ఆ మీటింగులో అతను చెప్పిన సిస్టర్, ఆమె తియ్యని తలుపు, ఆ మాట రాసిన చెయ్యి నాదే. రాసింది మరిచిపోలేకపోతున్నాను.

వాగు ఎర్రగా, గట్లను కొరుకుతూ పోతోంది. వేళ్ళతో సహా ఒక చెట్టు కొట్టుకుపోయింది, కొమ్మ మీద ఎవరిదో గంప చిక్కుకుని ఉంది. చాలాసేపటికి అవతలి గట్టు మీద మనిషి కనిపించాడు. బొజ్జయ్య. మమ్మల్ని చూసి నోటికి చేతులు అడ్డం పెట్టి అరిచాడు. నీళ్ళ హోరులో ఒక్క ముక్క ఇవతలికి రాలేదు.

“ఏమంటున్నాడు అంకుల్? ఏమంటున్నాడు?”

“వినబడితే చెప్పనా?”

జస్టిన్ నీళ్ళ అంచుదాకా పోయి గొంతు చించుకున్నాడు. “కన్నమ్మ ఎట్లా ఉంది? ప్రమీల ఎట్లా ఉంది?” గొంతు పగిలి దగ్గు వచ్చింది. వీరబాబు చొక్కా పట్టుకుని వెనక్కి లాగాడు.

బొజ్జయ్య కొంచెంసేపు చూశాడు. ఇక లాభం లేదనుకున్నాడు కాబోలు, అరవడం మానేశాడు. ఒక బండ చూసుకుని దాని మీద కూర్చున్నాడు. తలకు చుట్టిన రుమాలు లోపలినుంచి చుట్ట తీసి, చినుకులకు వీపు అడ్డం పెట్టి, అగ్గిపుల్ల గీసి, వెలిగించుకున్నాడు. పొగ వదిలాడు. కాలు మీద కాలు వేసుకున్నాడు.

“బాగనే ఉన్నరు సార్,” అన్నాను.

“ఎవరు? ఎట్లా చెప్తారు? తల్లీ బిడ్డా? ఇద్దరూనా?”

“ఆమె కన్నతండ్రి గద. లోపల ఏమన్నా తేడా ఉంటే ఈపాటికి నీళ్ళల్ల దూకేటోడు. చూడున్రి, ఎంత తీరిగ్గ తాగుతుండో.”

అతను చూశాడు. చుట్ట నిప్పు ఎర్రబడటం, బొజ్జయ్య దాన్ని తీసి ఒకసారి చూసుకుని మళ్ళీ నోట్లో పెట్టుకోవడం. తర్వాత జస్టిన్ ఆ ఆదివారం బట్టలతోనే బురదలో చతికిలబడి, రెండు చేతులతో ముఖం కప్పుకున్నాడు. వీరబాబు జీపు వైపు పోయి అద్దం తుడుస్తున్నట్టు నిలబడ్డాడు.

ఏదైనా మంచి మాట చెప్పాల్సింది. నాకు వచ్చిన మాట ఇది:

“మూడో తారీఖునే భయమని చెప్తే ఏం పోయేది సార్?”

“మీరు రాసేసేవారు,” అన్నాడు చేతుల్లోంచి.

“అవ్. రాసేటోణ్ణే.”

బొజ్జయ్య చుట్ట అయ్యేదాకా కూర్చున్నాడు. మేమూ ఉన్నాం. ఆడపిల్లో మగపిల్లాడో నీళ్ళు తగ్గితే గానీ తెలియదు. గుంపులో ఇంకా ఇద్దరు నిండు మనుషులున్నారు, వానలు ఇప్పుడే మొదలయ్యాయి. జస్టిన్ రేపు కూడా వస్తాడట. మీరూ వస్తారా అని అడిగాడు. నాకు పనీపాటా లేదనుకున్నారా, రానని చెప్పాను.

వీరబాబును పొద్దున్నే జీపు తెమ్మన్నాను.